స్కేటింగ్ పిల్లలకు ఏది మేలు: ఫంక్షన్ హాలా, బయటి రింకా, ఇంటి డాబానా?

2021 జూన్ 20 నుంచి తెలంగాణలో కరోనా లాక్‌డౌన్ పూర్తిగా ఎత్తేశారో లేదో, స్కేటింగ్ బ్యాచ్‌ల మెసేజ్‌లు మొదలయ్యాయి. ఇక్కడ నల్లగొండలో మా గల్లీ తల్లిదండ్రులదీ, మహబూబ్‌నగర్‌లో ఉన్న మా వదినదీ ఒకటే ప్రశ్న: పంపాలా వద్దా, పంపితే ఎక్కడికి? అప్పటికి బళ్లు ఇంకా తెరవలేదు, పిల్లలకు టీకా రాలేదు, ఏడాదికి పైగా ఫోన్లకు అతుక్కుపోయి అరగంట ఆడితే ఆయాసపడుతుండేవాళ్లు. వద్దని నేనైతే చెప్పను. ఎక్కడికి పంపాలన్నదే చూద్దాం.

ముందు ఫంక్షన్ హాల్ సంగతి. అప్పుడు ఆషాఢం వచ్చింది, పెళ్లిళ్లు లేవు, హాళ్లన్నీ ఖాళీ, అందుకే కొందరు కోచ్‌లు వాటిని గంటల లెక్కన తీసుకుని బ్యాచ్‌లు పెట్టారు. చూడ్డానికి బాగుంటుంది. వాన బాధ లేదు, ఎండ బాధ లేదు, నున్నటి గ్రానైట్ ఫ్లోర్, తల్లిదండ్రులు కూర్చోడానికి కుర్చీలు. కానీ ఏసీ కోసం తలుపులు మూసేసిన హాల్లో పిల్లలు రొప్పుతూ తిరుగుతుంటే ఒకరు వదిలిన గాలే ఇంకొకరు పీలుస్తారు, అక్కడ ఎన్ని సార్లు శానిటైజర్ కొట్టినా గాలి మారదు కదా. ఫ్లోరిడాలో టాంపా దగ్గర 2020 జూన్‌లో ఒక ఇండోర్ ఐస్ రింకులో (నాలుగు గోడల మధ్య మంచు మీద స్కేటింగ్ చేసే చోటు) సరదాకి హాకీ మ్యాచ్ ఆడారు. 22 మంది ఆడితే ఐదు రోజుల్లో 14 మంది ఆటగాళ్లకూ, రింకులో పనిచేసే ఒకరికీ లక్షణాలు వచ్చాయి. వాళ్లు పెద్దవాళ్లు, అది మంచు రింకు, మనవి చక్రాల స్కేట్స్, నిజమే. అయినా మూసిన చోటు, గట్టిగా తీసే ఊపిరి, పక్కపక్కనే కూర్చున్న బెంచీ, ఈ మూడూ మన హాల్లోనూ ఉన్నాయి. తలుపులు, కిటికీలు అన్నీ తెరిచి, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు వేసి, సగం మందితో నడిపే హాల్ అయితే కొంత నయం. ఏసీ వేశాం రండి అని పిలిచే చోటికి మాత్రం వెళ్లొద్దు.

బయటి సిమెంట్ రింకుకే నా ఓటు. గాలి ఆడుతుంది, సగం టెన్షన్ అక్కడే పోతుంది. కష్టం అంతా వానతో. రాత్రి జల్లు పడిందంటే పొద్దుగాలకి పైపైన ఆరినట్టే ఉంటుంది గానీ మూలల్లో, ముఖ్యంగా నీడ పడే గోడ పక్కన, సన్నగా పచ్చటి పాచి పట్టి ఉంటుంది. చక్రం దాని మీదికి ఎక్కగానే కాలు పక్కకి జారుతుంది, పిల్లవాడికి ఏం జరిగిందో కూడా తెలియదు, అరచేతుల మీద పడతాడు. బేరింగుల్లోకి నీళ్లు పోతే తుప్పు పట్టి చక్రం గరగరమంటుంది. అందుకే వాన పడిన పొద్దున క్లాస్ రద్దు అని కోచ్ ముందే చెప్పాలి, చీపురుతో నీళ్లు తోసేసి కానిచ్చేద్దాం అనేవాళ్ల దగ్గరికి పంపకండి. ఎండ సంగతి మనకు కొత్త కాదు, ఆరు నుంచి ఏడున్నర మధ్య ముగించే బ్యాచ్ చూసుకోండి.

ఇక ఇంటి డాబా. కరోనా లెక్కలో ఇంతకన్నా సేఫ్ చోటు లేదు, బయటివాళ్లెవరూ రారు. కానీ మన ఇళ్ల పిట్టగోడలు చూడండి, చాలాచోట్ల పిల్లల నడుము ఎత్తు కూడా ఉండవు, స్కేట్స్ వేసుకుంటే పిల్లవాడు ఇంకో మూడు అంగుళాలు పెరుగుతాడు. దానికి తోడు అడ్డంగా నీళ్ల పైపులు, ట్యాంకు దిమ్మె, బట్టల తీగ. డాబా వద్దే వద్దు. అపార్ట్‌మెంట్ సెల్లార్ అంతకన్నా కొంచెం మేలు, అది కూడా బండ్లు బయటికి పోయాక, ఆయిల్ మరకలు లేనిచోట, ఇంకా నిలబడటం నేర్చుకునే పిల్లలకు మాత్రమే. స్పీడ్ వచ్చిన పిల్లలకు పిల్లర్లే శత్రువులు.

ఇంతవరకు అందరూ మాట్లాడుకునేదే. నాకు అసలు భయం రింకులో తిరిగే పిల్లలతో కాదు, లేసులు కట్టుకునే బెంచీతో. రింకు మీద ఉన్నంతసేపు ఎవరి దారి వాళ్లది, ఒకరినొకరు దాటుకుపోవడం రెప్పపాటు పని. బెంచీ దగ్గర చూడండి: ఇద్దరు పట్టేచోట ఐదుగురు, ఒక్కొక్కరి ముందు వంగి లేసు బిగించే అమ్మ, వెనక బ్యాగు పట్టుకుని నాన్న, పక్కన చూడ్డానికి వచ్చిన తాత, కోచ్ ఒకరి తర్వాత ఒకరి బకిల్ పెడుతూ అందరి మొహాల్లో మొహం పెడతాడు. పది పదిహేను నిమిషాలు అదే గుంపు. 2021 మార్చిలో స్టాక్‌హోమ్‌లో ఫిగర్ స్కేటింగ్ ప్రపంచ పోటీలనే ప్రేక్షకులు లేకుండా జరిపారు, మన బుడ్డోడి క్రాసోవర్ (ఒక కాలు మీదుగా ఇంకో కాలు వేసి మలుపు తిరగడం) చూడ్డానికి ఇంటిల్లిపాదీ పోవాలా? మా పక్క బ్యాచ్ కోచ్ మొహమాటం లేకుండా "అన్నా, బిడ్డను దింపి గేటు బయటే నిలబడండ్రి" అంటాడు. కొందరికి కోపం వచ్చింది గానీ ఆయన చేసేదే కరెక్ట్. స్కేట్స్ బండి దగ్గరే, ఇంటివాళ్లే వేసి పంపితే బెంచీయే అక్కర్లేదు. గేటు దాకా నడిపించేటప్పుడు చేయి పట్టుకోండి, రోడ్డు మీద వదలకండి.

అందుకే రింకు చూడ్డానికి పోయినప్పుడు ఫ్లోర్ సంగతి తర్వాత, ముందు ఈ బెంచీ చూడండి. బ్యాచ్‌కూ బ్యాచ్‌కూ మధ్య గ్యాప్ ఉందా, పాత బ్యాచ్ బయటికి వచ్చాకే కొత్తది పోతోందా? గేటు దగ్గర నుదుటికి జ్వరం చూసే థర్మల్ గన్ పెట్టడం ఒక తంతు, లక్షణాలు లేని పిల్లల్లో అది ఏమీ పట్టదు. కోచ్ రెండు డోసులు వేసుకున్నాడా అని అడగడానికి సిగ్గుపడకండి. అప్పటికి మన పిల్లలకు టీకా లేదు, ఆయనకు ఉంది. అరిస్తే తుంపరలు ఎక్కువ పడతాయి కాబట్టి దూరం నుంచి చప్పట్లతో, చేతి సైగలతో చెప్పే కోచ్ అయితే ఇంకా మంచిది.

మాస్క్ పెట్టుకుని ఆడాలా, తీసేసి ఆడాలా అన్నది ఇంకో గొడవ. గట్టిగా వ్యాయామం చేసేటప్పుడు మాస్క్ వద్దనే ప్రపంచ ఆరోగ్య సంస్థ అప్పట్లో చెప్పింది, చెమటకు తడిసి ఊపిరి ఆడనివ్వదు. మన కేంద్ర ఆరోగ్య శాఖ వాళ్లు 2021లో ఐదేళ్లలోపు పిల్లలకు మాస్కే అక్కర్లేదన్నారు, 6 నుంచి 11 ఏళ్ల వాళ్లు పెద్దల కళ్ల ముందు పెట్టుకోవచ్చన్నారు. కాబట్టి బయటి రింకులో దూరం దూరంగా తిరిగేటప్పుడు తీసేయండి, లైన్లో నిలబడినప్పుడు, నీళ్ల బ్రేక్‌లో పక్కవాడితో ముచ్చట పెట్టేటప్పుడు పెట్టండి. జేబులో ఇంకో పొడి మాస్క్ ఉండాలి. హాల్లో అయితే తీయడానికి ధైర్యం చాలదు, పెడితే ఊపిరాడదు. హాల్ వద్దనడానికి ఇదీ ఒక కారణం.

హెల్మెట్, ప్యాడ్లు అకాడమీవి వాడాలా, సొంతవి కొనాలా? డబ్బు తక్కువుంటే స్కేట్స్ పాతవి తీసుకోండి, హెల్మెట్ మాత్రం సొంతది కొనండి. చెమట, ఉమ్మి తగిలే వస్తువు అది. దాన్ని స్పిరిట్‌తో తుడవకండి, ప్లాస్టిక్ దెబ్బతింటుంది, సబ్బు నీళ్లతో తుడిచి నీడలో ఆరబెట్టండి. రిస్ట్ గార్డులు కూడా మర్చిపోవద్దు. స్కేటింగ్‌లో ఎక్కువగా విరిగేది మణికట్టే, 2021 ఏప్రిల్, మే నెలల్లో ఆసుపత్రుల దగ్గర బెడ్ల కోసం జనం పడిన పాట్లు చూశాం, అలాంటి టైంలో కట్టు కోసం అక్కడ లైన్లో కూర్చోవాల్సి రావడం కూడా రిస్కే.

కొందరు పిల్లలకు మాత్రం ఈ లెక్కలేవీ పనికిరావు. కరోనా వచ్చి తగ్గిన పిల్లవాణ్ని, జ్వరం తగ్గింది కదా అని, ఏ రింకుకూ పంపకండి. ముందు డాక్టర్‌కి చూపించండి, ఆయన సరే అన్నాక కూడా మొదటి వారం నడక, చిన్న పరుగు, ఆ తర్వాతే చక్రాలు. ఛాతీలో నొప్పి, గుండె దడ, మామూలుకన్నా ఎక్కువ ఆయాసం, ఇందులో ఏ ఒక్కటి చెప్పినా ఆ రోజుకి స్కేట్స్ విప్పేసి మళ్లీ డాక్టర్ దగ్గరికే.