సియోల్‌లో కొరియన్ చదువు: క్లాసు బయట ఏది గిట్టుబాటైంది

పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ 2019లో కార్లు తయారుచేయడం మొదలుపెట్టాక, కొరియన్ వస్తే ఉద్యోగం ఖాయమన్న మాట మా అనంతపురం వైపు బాగా పాకింది. నేనూ ఆ ఆశతోనే సియోల్ వెళ్లాను. అక్కడి యూనివర్సిటీ భాషా కేంద్రాల్లో పద్ధతి దాదాపు ఒకటే. వారానికి 5 రోజులు, రోజుకు 4 గంటలు, 10 వారాలకో టర్మ్, మొత్తం 6 లెవెల్స్. ఆ వివరాలు ఎవర్నడిగినా చెబుతారు. మధ్యాహ్నం క్లాసు వదిలాక కల్చరల్ ఎక్స్‌ఛేంజ్ పేరుతో తిరిగినవాటిలో ఏది పనికొచ్చిందో రాస్తున్నాను. నేను చూసుకున్నది ఒక్కటే: అక్కడ కొరియన్‌లో మాట్లాడక తప్పని పరిస్థితి ఉందా, లేదా?

ముందు బస సంగతి. యూనివర్సిటీలుండే సిన్‌చోన్ చుట్టుపక్కల విద్యార్థులు ఎక్కువగా చూసేది గోషివాన్ అనే ఇరుకు గదులు. మంచం, బల్ల, చిన్న ఫ్రిజ్ పెడితే గది నిండిపోతుంది. పెద్ద అడ్వాన్సు అడగరు, అన్నం, కిమ్చి ఊరికే పెడతారు. కిటికీ కావాలంటే మాత్రం అద్దె పెరుగుతుంది. నాకు మొదట దొరికినదానికి కిటికీ లేదు. పక్క గదిలో అలారం మోగితే నాకు మెలకువ వచ్చేది. అది సర్దుకోవచ్చు గానీ అక్కడ ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు, అదే నాకు నచ్చలేదు.

తర్వాత హాసుక్‌జిబ్‌కి మారాను. పొద్దున, రాత్రి భోజనం పెట్టే ఇల్లన్నమాట. అద్దె ఎక్కువే, కానీ ఇంటావిడ నోరు ఊరుకోదు. మేమంతా ఆవిణ్ణి ఇమో అనేవాళ్లం, మనం పిన్నీ అన్నట్టు. నేను ఆవిడ దగ్గర నేర్చుకున్న కొరియన్‌లో సగం చెత్త గురించే! తిండి చెత్తకు ఒక సంచి, మిగతాదానికి ఇంకో సంచి. అవి ఆ వార్డువే అయ్యుండాలి, షాపులో కొనాలి. ఓసారి నేను గుడ్డు పెంకులు తిండి చెత్తలో వేయబోతుంటే ఆవిడ చెయ్యి పట్టుకుని, "పశువు తింటుందా ఇది?" అంది. తినదన్నాను. "మరైతే ఆ రెండో సంచిలో వెయ్యి." ఎముకలు, ఉల్లిపొట్టు దగ్గరా అదే ప్రశ్న. మాంసం తిననివాళ్లకు మాత్రం ఈ ఇళ్లు కష్టం. చారు ఎండు చేపలు మరిగించిన నీళ్లతో కాస్తారు, కిమ్చిలో ఉప్పులో ఊరబెట్టిన రొయ్యలు పడతాయి.

సిటీలో తిరగడానికి 2024లో వచ్చిన క్లైమేట్ కార్డు తీసుకోండి. 62,000 వొన్లకు 30 రోజులు సియోల్ మెట్రో, బస్సులు ఎన్నిసార్లయినా ఎక్కొచ్చు. నడిచే దారికి నేవర్ మ్యాప్ పెట్టుకోవాలి.

కొరియన్ల సంప్రదాయ దుస్తులైన హాన్‌బోక్ అద్దెకు తీసుకుని గ్యోంగ్‌బొక్‌గుంగ్ రాజభవనంలో తిరగడం అందరూ చేసే పని. టికెట్ 3,000 వొన్లు, హాన్‌బోక్ కట్టుకుంటే ఉచితం. మంగళవారం సెలవు. ఫోటోలు బ్రహ్మాండంగా వస్తాయి, ఇంటికి పంపితే అమ్మ సంతోషిస్తుంది. అద్దె షాపులో అందరూ ఇంగ్లీషే మాట్లాడతారు కాబట్టి నా లెక్కలో దీనికి మార్కులు తక్కువ.

మా కేంద్రంలో పెట్టిన దేశదేశాల వంటల రోజుకు మాత్రం మార్కులు బాగా వేస్తాను. అందరూ బిర్యానీ చేయమన్నారు. నేను ఉగ్గాని చేశాను. ఆవాలు, పసుపు, పుట్నాలు ఇతేవాన్ మసీదు దగ్గరి షాపుల్లో దొరికాయి. బొరుగుల కోసం మాంగ్‌వాన్ మార్కెట్‌కి వెళ్లాను. అక్కడ బియ్యాన్ని పేల్చి అమ్మే పెద్దాయన, తాలింపు వేస్తానంటే నమ్మలేదు. అవి తీపి తినుబండారంగా తినేవాళ్లాయె! ఉల్లిపాయ ఎలా తరుగుతావు, నిమ్మకాయ ఎప్పుడు పిండుతావు అని అడుగుతూనే ఉన్నాడు. ఆ బొరుగులు మనవాటికన్నా తేలిక, నీళ్లలో నానబెడితే కరిగిపోతాయి, కాస్త చిలకరిస్తే చాలు. స్టాల్ దగ్గరికి వచ్చినవాళ్లందరికీ కొరియన్‌లోనే వంట చెప్పాల్సి వచ్చింది. సాయంత్రానికి గొంతు పోయింది.

అన్నిటికన్నా నచ్చింది ఒదేసాన్ కొండల్లోని వొల్‌జొంగ్‌సా గుడిలో టెంపుల్‌స్టే. 2002లో ఫుట్‌బాల్ వరల్డ్ కప్‌కి వచ్చే విదేశీయుల కోసం బౌద్ధాలయాల్లో ఈ బస మొదలుపెట్టారు. సియోల్ నుంచి కేటీఎక్స్ అనే వేగపు రైల్లో వెళ్లి జిన్బు స్టేషన్‌లో దిగి బస్సెక్కాలి. ఆడవాళ్లకు, మగవాళ్లకు గదులు వేరు. కట్టుకోవడానికి వదులు ప్యాంటు, పైన చొక్కా గుడివాళ్లే ఇస్తారు. కింద నేల వెచ్చగా ఉంటుంది, పరుపు పరుచుకుని పడుకోవాలి. తెల్లారుజామున లేవాలి. 108 సాష్టాంగాలు పెడుతూ ఒక్కోదానికి ఒక్కో పూస దారానికి ఎక్కించాలి. మోకాళ్లు పట్టేసి, చేతులు వణుకుతుంటే ఆ సన్నటి బెజ్జంలోకి దారం దూర్చడమే అసలు పరీక్ష. నా పక్కనున్న పెద్దావిడ తనది పూర్తిచేసుకుని, నా పూసలు ఒక్కొక్కటీ అందిస్తూ కూర్చుంది.

భోజనంలో మాంసం, చేప, ఉల్లి, వెల్లుల్లి ఏవీ ఉండవు. కార్తీకమాసంలో ఇవన్నీ మానేసే ఇంట్లో పెరిగినవాళ్లకు ఇబ్బందే లేదు. నువ్వుల నూనెలో కలిపిన కొండ ఆకుకూరలు నేను రెండోసారి వడ్డించుకున్నాను. పెట్టుకున్నది మాత్రం మెతుకు మిగల్చకూడదు. ఇంగ్లీషు గైడు ఉండే తేదీలు వదిలేసి, కొరియన్లు వచ్చే వారాంతం చూసి బుక్ చేసుకోండి. టీ దగ్గర భిక్షువు అడిగేదానికి జవాబు చెప్పుకోక తప్పదు.

టర్మ్ సెలవుల్లో బుసాన్ వెళ్లి, పక్కనున్న గింహే కూడా చూశాను. క్రీ.శ. 48లో అయుత (మన అయోధ్యే అని కొందరంటారు) అనే దేశం నుంచి పడవలో వచ్చి సురో రాజును పెళ్లాడిందని చెప్పుకునే హొ హ్వాంగ్‌ఓక్ సమాధి అక్కడుంది. 13వ శతాబ్దపు కొరియన్ గ్రంథం సంగుక్‌యుసాలో ఉన్న కథ ఇది. చాలామంది చరిత్రకారులు ఒప్పుకోరు గానీ ఊళ్లో నమ్మకం గట్టిదే. గింహే కిమ్, హొ ఇంటిపేర్లవాళ్లు ఆ దంపతుల సంతతి అని వాళ్లలో వాళ్లు పెళ్లి చేసుకోకపోవడం పాత ఆచారం. మాకూ గోత్రాలున్నాయని చెబితే, గేటు దగ్గర కూర్చున్న తాతగారు నా పెళ్లి సంగతి దాకా వచ్చేశారు. చూడ్డానికి పచ్చగడ్డి దిబ్బ, కొన్ని రాళ్లు, అంతే. బుసాన్ ఎలాగూ వెళ్లినవాళ్లు లైట్ రైలెక్కి ఓ పూటలో చూసి రావచ్చు. దానికోసమే సియోల్ నుంచి టికెట్ పెట్టుకోనక్కర్లేదు.