ఫిలడెల్ఫియాలో రెండు రోజులు: గంట కంటే చందాల కథలే నచ్చాయి

2023 జులైలో అమెరికా తెలుగువాళ్ల సంఘం తానా సభలకని ఫిలడెల్ఫియా వెళ్లి, కన్వెన్షన్ సెంటర్‌లోనే తిరిగి తిరిగి ఇంటికొచ్చేశాం. ఊరు చూడలేదన్న వెలితి ఉండిపోయింది. ఈసారి ఎడిసన్ నుంచి ట్రైన్‌లో బయల్దేరాం. ట్రెంటన్‌లో దిగి ఫిలడెల్ఫియా లోకల్ రైలు సెప్టా బండి ఎక్కాలి. ఆలస్యమే, కానీ పార్కింగ్ టెన్షన్ లేదు.

హోటల్ దగ్గర మాత్రం దెబ్బ తిన్నాం. బుక్ చేసినప్పుడు మేము గమనించని ఫీజు ఒకటి చివరి బిల్లులో తేలింది. గది శుభ్రంగా ఉంది, పాత ఊరంతా నడిచి తిరిగేంత దగ్గర, అంతవరకు నయం.

అమెరికా స్వాతంత్ర్యానికి గుర్తుగా నిలిచిన పాత గంట లిబర్టీ బెల్‌కి టికెట్ లేదు, క్యూ ఉంది. నలభై నిమిషాలు నిలబడి రెండు నిమిషాలు చూశాం. స్వాతంత్ర్య ప్రకటనను ఆమోదించిన ఇండిపెండెన్స్ హాల్‌కి ముందే ఆన్‌లైన్‌లో టైము తీసుకోండి, మనిషికి ఒక డాలర్ రిజర్వేషన్ ఫీజు.

నన్ను పట్టేసింది పక్కనే ఉన్న కార్పెంటర్స్ హాల్. చిన్నది, ఉచితం. 1774లో బ్రిటిష్ వలసల ప్రతినిధుల తొలి సభ, మొదటి కాంటినెంటల్ కాంగ్రెస్, కూర్చున్నది ఇక్కడే. అప్పట్లో దీని మేడ మీద లైబ్రరీ కంపెనీ అద్దెకుండేది. 1731లో అమెరికా నిర్మాతల్లో ఒకడైన బెంజమిన్ ఫ్రాంక్లిన్, అతని మిత్రులు పెట్టిన చందా గ్రంథాలయం అది: 50 మంది చందాదారులు, చేరేటప్పుడు తలా 40 షిల్లింగులు, తర్వాత ఏటా 10. తన పేరు పైకి రాకుండా, ఇది కొందరు మిత్రుల ఆలోచన అని చెప్పి చందాలు అడిగితే పని సులువైందని ఆత్మకథలో రాసుకున్నాడు. మన సంఘాల సావనీర్లలో దాతల ఫొటోల సైజులు గుర్తొచ్చి నవ్వాగలేదు.

ఆ లైబ్రరీ ఇప్పుడు లోకస్ట్ స్ట్రీట్‌లో ఉంది. శని, ఆదివారాలు మూసేస్తారు, శుక్రవారమే వెళ్లండి.

ఎయిత్ స్ట్రీట్‌లో పెన్సిల్వేనియా హాస్పిటల్ పాత ఇటుక భవనాన్ని బయటి నుంచే చూశాం. ఆలోచన డాక్టర్ థామస్ బాండ్‌ది, డబ్బు పుట్టించిన ఎత్తు ఫ్రాంక్లిన్‌ది. జనం 2000 పౌండ్లు పోగు చేస్తే అసెంబ్లీ మరో 2000 ఇవ్వాలని 1751లో షరతు రాయించాడు. అంత ఎక్కడొస్తుందిలే అని వ్యతిరేకులూ ఒప్పుకున్నారు. వచ్చింది! దారిలో పాత ఇళ్ల గోడల మీద నాలుగు చేతులు ఒకదాన్నొకటి పట్టుకున్న సీసపు బొమ్మ కనబడితే ఆగండి, అది 1752లో మొదలైన అగ్ని బీమా సంఘం గుర్తు.

తిండికి రీడింగ్ టెర్మినల్ మార్కెట్. శాకాహారులకు వేడి ప్రెట్జెల్ చాలు. పాతకాలపు పద్ధతుల్లో బతికే క్రైస్తవ శాఖ ఆమిష్ వాళ్ల కొట్లు ఆదివారం ఉండవు.

చివరగా ఆర్చ్ స్ట్రీట్‌లో ఫ్రాంక్లిన్ సమాధి. లోపలికి టికెట్, కానీ కమ్మీల సందులోంచి రోడ్డు మీదకే కనిపిస్తుంది. జనం దాని మీద పెన్నీలు, అంటే ఒక సెంటు నాణేలు, విసురుతారు. పగుళ్లిచ్చిన ఆ రాయిని ఆ మధ్య చందాలు పోగుచేసే బాగు చేయించారు. మా అమ్మాయి పెన్నీ అడిగింది. జేబులో పాతిక సెంట్ల క్వార్టర్లే ఉన్నాయి, ఇవ్వలేదు.