స్కాండినేవియన్ స్టైల్లో ఇల్లు చేయించుకున్నాం, 8 నెలల తర్వాత నా రివ్యూ

మా ఇంటి ఇంటీరియర్ పని అయిపోయి ఎనిమిది నెలలవుతోంది. రివ్యూ రాయమని పని చేసిన కంపెనీవాళ్ళు మొదటి వారంలోనే మెసేజ్ పెట్టారు కానీ నేనే ఆగాను. పని అయిన రోజు ఏ ఇల్లయినా మెరిసిపోతూనే ఉంటుంది కదండీ, మబ్బు పట్టిన రోజులూ ఎండ మండే రోజులూ రెండూ గడిచాక, మా పాప గోడలకి చేతులు రాశాక, అత్తయ్య ఆ సోఫాలో కూర్చుని లేవడం చూశాక అప్పుడు తెలుస్తుంది ఏది కుదిరిందో ఏది కుదరలేదో. కంపెనీ పేరు మాత్రం రాయట్లేదు, ఒక్క ఇంటి పని చూసి ఎవరికైనా మంచి అనో చెడ్డ అనో ముద్ర వేయడం నాకిష్టం లేదు. ఈ స్టైల్ చేయించుకోవాలనుకునేవాళ్ళు ఎవరిని పెట్టుకున్నా ఏం చూసుకోవాలో తెలిస్తే చాలు.

ముందు బాగా నచ్చింది చెప్తా. వాళ్ళు పంపిన డిజైనర్ అమ్మాయి మొదటి రోజు ల్యాప్‌టాప్ తెరవలేదు, షేడ్ కార్డులు తీయలేదు, కిటికీలన్నీ తెరిపించి ఒక్కో గదిలో కాసేపు ఊరికే నిలబడింది. "మేడమ్, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి మళ్ళీ వస్తాను, ఎండ ఎక్కడిదాకా వస్తుందో చూడాలి" అంది. మా ఆయనకి అదంతా టైం వేస్ట్ అనిపించింది కానీ నాకు ఆ మాటతోనే నమ్మకం కుదిరింది.

ఎందుకంటే స్కాండినేవియన్ (స్వీడన్, నార్వే, డెన్మార్క్ వైపు పద్ధతి) అంటే తెల్ల గోడలు, బూడిద రంగు సోఫా, మూలకో మొక్క అనుకుంటారు చాలామంది, నేనూ అలాగే అనుకునేదాన్ని. అసలు సంగతంతా వెలుతురుది. డిసెంబర్‌లో స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో పగలు ఉండేది దాదాపు 6 గంటలే, ఇంకా బాగా ఉత్తరానికి పోతే కొన్ని వారాలపాటు సూర్యుడు పైకే రాడు, అలాంటి చోట ఇంట్లోకి వచ్చిన ఆ కాస్త వెలుతురూ ఎక్కడా ఇంకిపోకుండా గోడ నుంచి గోడకి, నేల నుంచి సీలింగ్‌కి తిరుగుతూ ఉండాలి. గోడలు లేత రంగులో ఉండేది అందుకే, చెక్క నేల పాలిపోయినట్టు ఉండేదీ అందుకే, కర్టెన్లు పల్చగా ఉండేది, సోఫాలూ అల్మారాలూ సన్నటి కాళ్ళమీద లేచి కింద నేల కనపడేలా ఉండేదీ అందుకే. ఇది తెలియకుండా ఊరికే తెల్ల పెయింట్ కొట్టిస్తే ఇల్లు ఆస్పత్రిలా తయారవుతుంది, నేను అలాంటివి రెండు మూడు చూశాను.

పెయింట్ విషయంలో వాళ్ళకి ఫుల్ మార్కులు. మా హాలు ఉత్తరం వైపు, నేరుగా ఎండ పడదు, వచ్చే వెలుతురు కాస్త నీలంగా ఉంటుంది. నేను షాపులో మనసుపడ్డ తెలుపు అక్కడ పెట్టి చూస్తే బూడిద కలిపినట్టు నీరసంగా కనపడింది, అదే తెలుపు పడమటి బెడ్‌రూమ్‌లో సాయంత్రం నాలుగింటికి కళ్ళు చెదిరేట్టు కొట్టింది. ఆ అమ్మాయి గోడమీద శాంపిల్ పట్టీలు వేయించలేదు, పక్కనున్న పాత రంగు కొత్తదాన్ని సరిగ్గా కనపడనివ్వదట, అందుకని పెద్ద పెద్ద అట్టలకి రెండేసి కోట్లు కొట్టించి ఒక్కో గోడకి ఒక్కోటి ఆనించి వారం రోజులు పొద్దున, మధ్యాహ్నం, రాత్రి చూడమంది. చివరికి హాలుకి చిటికెడు పసుపు ఛాయ ఉన్న తెలుపు, బెడ్‌రూమ్‌కి కొంచెం ముదురుగా ఇసుక రంగుకి దగ్గరగా ఉన్నది తీసుకున్నాం. షేడ్ కార్డు మీద ఎల్ఆర్‌వీ అని ఒక నంబర్ ఉంటుంది చూడండి, 0 అంటే వెలుతురంతా మింగేసే నలుపు, 100 అంటే మొత్తం తిప్పి పంపేసే తెలుపు. చీకటి గదికి పెద్ద నంబర్, ఎండ బాగా పడే గదికి కాస్త తక్కువ నంబర్, ఇంత చిన్న విషయం ఇంతకుముందు ఏ పెయింటరూ నాకు చెప్పలేదు.

ఒక పొరపాటు చేశారు, నడవ గోడలకి కూడా ఫుల్ మ్యాట్, అంటే అసలు మెరుపు లేని పెయింట్ వేసేశారు. మ్యాట్ చూడ్డానికి చాలా అందంగా ఉంటుంది కానీ చిన్న పిల్లలున్న ఇంట్లో పనికిరాదు, మరక పడిందని తడిగుడ్డతో గట్టిగా రుద్దితే మరక పోతుంది గానీ అక్కడ మచ్చలా మెరుపొస్తుంది, పక్క నుంచి చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. ఫోన్ చేసి చెప్తే వచ్చి ఆ గోడల వరకు కడగడానికి వీలయ్యే రకం వేసి వెళ్ళారు, మాట పెంచలేదు, అది మెచ్చుకోవాలి.

ఇక బల్ల గొడవ. ఆర్డర్ కాగితంలో సాలిడ్ ఓక్ అని రాసుంది, వచ్చింది చూస్తే పైన బాగానే ఉంది, నాకెందుకో అంచు దగ్గర అనుమానమొచ్చింది. అసలైన చెక్క అయితే పైన కనిపించే గీతలు అంచు దాకా వచ్చి కిందికి మలుపు తిరుగుతాయి, కోసిన వైపు ఆ గీతలే వంపులు తిరిగి చిన్న చిన్న చుక్కల్లా కనపడతాయి. ఇక్కడ పైన గీతలు ఒక దారి, పక్కన పట్టీ మీద గీతలు ఇంకో దారి, రెంటికీ మధ్య వెంట్రుకంత సన్నటి అతుకు. అంటే లోపల వేరే బోర్డు, పైన పల్చటి ఓక్ పొర, దాన్నే వెనీర్ అంటారు. వెనీర్ తప్పని నేననను, బాగా చేస్తే ఏళ్ళకేళ్ళు ఉంటుంది, కానీ ఒకటి రాసి ఇంకోటి పంపకూడదు కదా. ఫోటోలు తీసి పంపితే సప్లయర్ తప్పన్నారు, మార్చడానికి ఐదు వారాలు పట్టింది, ఆ ఐదు వారాలూ ఫాలోఅప్ మొత్తం నాదే, వాళ్ళంతట వాళ్ళు ఒక్కసారి కూడా ఫోన్ చేయలేదు.

మార్చి పంపిన బల్ల మాత్రం నాకు ప్రాణం. దానికి పాలిష్ గానీ వార్నిష్ గానీ వేయించలేదు, సోప్ ఫినిష్ వేయించాం. డెన్మార్క్‌లో ఓక్, బీచ్ లాంటి చెక్కలకి ఎప్పటినుంచో చేసే పద్ధతి ఇది, సోప్ ఫ్లేక్స్ వేడి నీళ్ళలో కరిగించి చెక్కకి పట్టించి తుడిచేయడమే. నూనె పెడితే చెక్క పసుపు తిరుగుతుంది, సోప్ పెడితే ఆ లేత రంగు అలాగే ఉంటుంది, చేత్తో తాకితే ఉతికి ఆరేసిన నూలు బట్టలా ఉంటుంది. కష్టం కూడా ఉంది, తడి గ్లాసు పెడితే గుండ్రటి మచ్చ పడుతుంది. మొదటి మచ్చకి ఏడుపొచ్చినంత పనైంది, తర్వాత సన్నటి శాండ్‌పేపర్‌తో గీతల వెంట మెల్లగా రుద్ది మళ్ళీ సోప్ పట్టిస్తే మాయమైంది, వార్నిష్ అయితే ఇలా ఇంట్లోనే బాగుచేసుకోలేం. ఓపిక లేనివాళ్ళు మాత్రం దీని జోలికి వెళ్ళొద్దు.

సోఫా నాకు నచ్చింది, అత్తయ్యకి నచ్చలేదు, ఆవిడదే రైటు. సీటు ఎత్తు 38 సెంటీమీటర్లు, ఫోటోలో నాజూగ్గా ఉంటుంది, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు లేవాలంటే ఎవరో ఒకరు చెయ్యివ్వాలి. "అమ్మాయ్, దీంట్లోంచి లేవడం నావల్ల కాదు" అని ఆవిడ వచ్చి స్టూల్ మీద కూర్చునేవారు. అది ఆర్టెక్ వాళ్ళ స్టూల్ 60, ఫిన్లాండ్ ఆర్కిటెక్ట్ అల్వార్ ఆల్టో 1933లో చేసిన డిజైన్, ఎత్తు 44 సెంటీమీటర్లు. (ఫిన్లాండ్ స్కాండినేవియాలోకి రాదని కొందరంటారు, అది నిజమే, కానీ డిజైన్ మాట వచ్చినప్పుడు కలిపే చెప్తారు.) బర్చ్ చెక్క కాలుని పై కొసన సన్నగా చీల్చి, ఆ చీలికల్లో పల్చటి చెక్క పొరలు జిగురు పెట్టి దూర్చి వంచుతారు, వంపు దగ్గర దగ్గరగా చూస్తే ఆ పొరలు పుస్తకం పేజీల్లా కనపడతాయి, మా పాప వాటిమీద గోరుతో గీస్తూ కూర్చుంటుంది. మూడు కొన్నాం, ఒకదానిమీద ఒకటి పెట్టేస్తే మూలకి ఒదిగిపోతాయి. సోఫాకి తర్వాత పొడుగు కాళ్ళు వేయించుకున్నాం. డిజైనర్లు ఇంట్లో పెద్దవాళ్ళున్నారా అని ముందే అడగాలండీ, మమ్మల్ని అడగలేదు.

ఇక అన్నిటికన్నా పెద్ద లోటు. ఆ అమ్మాయి పొద్దున వచ్చింది, మధ్యాహ్నం వచ్చింది, సాయంత్రం వచ్చింది, రాత్రి రాలేదు. సీలింగ్ నిండా 6500 కెల్విన్ ఎల్ఈడీ ప్యానెళ్ళు పెట్టేశారు, ఈ కెల్విన్ నంబర్ పెరిగేకొద్దీ వెలుతురు నీలంగా, తగ్గేకొద్దీ పసుపుగా ఉంటుంది. పగలంతా అంత మెత్తగా ఉండే హాలు, రాత్రి స్విచ్ వేయగానే గోడలన్నీ నీలంగా, మొహాలన్నీ పాలిపోయి, నీడ అనేదే లేకుండా అయిపోయేది. మూడు నెలలు ఏం బాగాలేదో తెలియక కుషన్లు మార్చాను, రగ్గు మార్చాను. చలికాలంలో మధ్యాహ్నానికే చీకటి పడిపోయే దేశాల్లో దీపం గురించి ఎంత ఆలోచించి ఉంటారు, అది వదిలేసి గోడ రంగు ఒక్కటే తెచ్చుకుంటే ఎలా?

చివరికి మేమే చేసుకున్నాం. ప్యానెళ్ళు ఆపేసి 2700 కెల్విన్ బల్బులతో నాలుగు చిన్న దీపాలు, ఒకటి సోఫా పక్కన, ఒకటి కిటికీ గట్టుమీద, ఒకటి పుస్తకాల అరలో, ఒకటి మూల నేలమీద. బల్ల పైన మాత్రం లూయీ పౌల్సెన్ కంపెనీ వాళ్ళ పీహెచ్ 5 పెట్టాం, డెన్మార్క్‌కి చెందిన పౌల్ హెన్నింగ్సెన్ 1958లో చేసిన దీపం. ఈయన 1920ల నుంచీ పట్టుకున్న పని ఒక్కటే, బల్బు కంట్లో పడకూడదు, వెలుతురు మాత్రం పడాల్సిన చోట పడాలి. బల్ల చుట్టూ ఏ కుర్చీలో కూర్చున్నా సరే నాకింతవరకు లోపలి బల్బు కనపడలేదు, వెలుతురు ఒక షేడ్ నుంచి ఇంకో షేడ్ మీదకి జారి బల్లమీదకి దిగుతుంది, లోపల దాచిన చిన్న ఎరుపు, నీలం షేడ్ల వల్ల ఆ వెలుతురుకి ఒక వెచ్చదనం వస్తుంది. బల్లకి 60 సెంటీమీటర్ల ఎత్తులో వేలాడదీశాం. ఎలక్ట్రీషియన్ ఇంత కిందికా అని రెండుసార్లు అడిగాడు, ఆ ఎత్తులో ఉంటేనే ఎదురుగా కూర్చున్నవాళ్ళ మొహం అడ్డు లేకుండా కనపడుతుంది, దీపం కింద అందరం ఒకచోట ఉన్నట్టుంటుంది.

రంగుల విషయంలో కూడా వాళ్ళతో కొంచెం వాదించాను, వాళ్ళ ప్యాకేజీలో తెలుపు, బూడిద, నలుపు తప్ప ఇంకేం లేవు. స్వీడన్‌లో సుండ్‌బోర్న్ అనే పల్లెలో కార్ల్ లార్సన్, కారిన్ లార్సన్ అనే చిత్రకార దంపతుల ఇల్లుంది, వందేళ్ళకి పైగా ఆ దేశంలో అందరూ చూసి నేర్చుకున్న ఇల్లు, దాంట్లో భోజనాల గది ఎరుపూ ఆకుపచ్చా. కాబట్టి మేం మా పాప గది తలుపుకి, రెండు కుర్చీలకి ఎరుపు వేయించుకున్నాం, చుట్టూ అంతా లేతగా ఉంది కాబట్టి ఆ రెండు కుర్చీలే గది మొత్తానికి సరిపోయాయి. స్టోరేజీ బాగా చేశారు, గోడ రంగులోనే హ్యాండిల్స్ లేని అల్మారాలు నేల నుంచి సీలింగ్ దాకా, సామానంతా లోపలికి పోయింది, దాని గురించి ఇంతకన్నా చెప్పేదేం లేదు.

నా రేటింగ్ పగటికి 5కి 5, రాత్రికి 2, ఫాలోఅప్‌కి 2. మళ్ళీ చేయించాల్సి వస్తే అదే అమ్మాయినే అడుగుతాను, రాత్రి ఎనిమిదింటికి ఒకసారి రమ్మని ముందే చెప్తాను. బెడ్‌రూమ్‌లో కర్టెన్ రాడ్ ఒక పక్క ఇంకా వదులుగానే ఉంది, మొన్న ఫోన్ చేశాను, గురువారం మనిషిని పంపుతామన్నారు.