పికప్ తగ్గిన పాత డీజిల్ కారుకు బ్లూటూత్ ఓబీడీ స్కానర్ ఎంతవరకు పనికొస్తుంది

పదేళ్లు దాటిన డీజిల్ కారు మునుపటిలా లాగడం లేదని చెప్పగానే చాలా షెడ్లలో టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే భాగం) పోయిందనో, ఇంజెక్టర్లు (ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మేవి) మార్చాలనో తేల్చేస్తారు. రెండూ పెద్ద ఖర్చులే కాబట్టి, అంత సొమ్ము పెట్టే ముందు లోపం ఎక్కడుందో తెలుసుకోవాలని ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయల లోపు దొరికే బ్లూటూత్ ఓబీడీ స్కానర్ (ఇంజిన్ కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లను, కొలతలను ఫోన్‌లో చూపే పరికరం) తెప్పించుకున్నాను. నాది 1248 సీసీ టర్బో డీజిల్ ఇంజిన్ ఉన్న చిన్న కారు. మూడో గేరులో ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా వేగం అందుకునేది కాదు, పైగా వెనుక నల్ల పొగ వచ్చేది.

అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దదైన ఈ పరికరాన్ని స్టీరింగ్ కింది పదహారు పిన్నుల సాకెట్‌లో పెట్టి, ఫోన్‌లోని యాప్‌తో జత చేసుకోవాలి. దీన్ని చాలామంది ఎర్రర్ కోడ్ చూడడానికే కొంటారు గానీ, నా కారులో ఒక్క కోడ్ కూడా కనిపించలేదు. కొలత నిర్ణీత హద్దు దాటి కొంతసేపు అలాగే కొనసాగితే తప్ప ఇంజిన్ కంప్యూటర్ కోడ్ నమోదు చేయదు కనుక, కోడ్ లేనంత మాత్రాన లోపం లేదని అనుకోకూడదు. అలాగే పి0299 అనే కోడ్ వస్తే టర్బో ఒత్తిడి చాలడం లేదని అర్థమే తప్ప, టర్బో చెడిపోయిందని కాదు.

ఈ పరికరం అసలు విలువ బండి నడుస్తుండగా చూపే అంకెల్లో ఉంది. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేస్తే, ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడిని కొలిచే మానిఫోల్డ్ ప్రెషర్ సెన్సర్ బయటి గాలి ఒత్తిడినే చూపాలి. విశాఖపట్నంలో అది సుమారు 101 కిలోపాస్కల్స్, సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న హైదరాబాద్‌లో సుమారు 95. ఈ అంకె సరిపోయిందంటే సెన్సర్‌ను నమ్మవచ్చు. ఆ తర్వాత పక్క సీట్లో ఒకరిని ఫోన్ చూస్తూ ఉండమని చెప్పి ఖాళీ రోడ్డు మీద పూర్తిగా తొక్కితే, ఆరోగ్యంగా ఉన్న ఇలాంటి ఇంజిన్‌లో 200కు అటూఇటూగా రావలసిన ఒత్తిడి, నా కారులో 140 దగ్గరే ఆగిపోయింది.

ఆ అంకెతో మెకానిక్ గారి దగ్గరికి వెళ్లాక పని సులువైంది. టర్బో నుంచి, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు వెళ్లే రబ్బరు హోస్‌ను ఆయన చేత్తో తడిమి, క్లిప్పు కింద వేళ్లకు అంటిన నూనె మసిని నాకు చూపించారు. అక్కడి సన్నని చీలిక ఇంజిన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు మూసుకునే ఉంటుంది, ఒత్తిడి పెరిగినప్పుడే విచ్చుకుంటుంది. టర్బోకు ముందే సెన్సర్ కొలిచిన గాలికి తగినంత డీజిల్ పడుతున్నా, ఆ గాలి దారిలోనే బయటికి పోవడంతో డీజిల్ పూర్తిగా మండక నల్ల పొగ వస్తోందని ఆయన వివరించారు. హోస్, క్లిప్పులు మార్చడంతో పికప్ తిరిగి వచ్చింది. టర్బో జోలికి వెళ్లవలసిన అవసరమే రాలేదు.

క్లచ్ జారడాన్ని కూడా దీనితో పసిగట్టవచ్చు: గేరు మారకుండానే ఆర్‌పీఎం పెరుగుతూ, వేగం మాత్రం దానికి తగ్గట్టు పెరగకపోతే క్లచ్ ప్లేటును అనుమానించాలి. అయితే పట్టేసిన బ్రేకు, మసి పేరుకున్న ఎయిర్ ఫిల్టర్ వంటివి ఇందులో నేరుగా కనిపించవు. కొంతదూరం నడిపాక ఒక చక్రం దగ్గర మాత్రమే వేడి ఎక్కువగా ఉందేమో చూసుకోవడం, ఫిల్టర్‌ను విప్పి చూడడం మన చేతి పనులే.

కొనదలచినవారు మూడు సంగతులు గమనించాలి. మామూలు బ్లూటూత్ రకం ఐఫోన్‌తో పనిచేయదు కాబట్టి, ఆ ఫోన్ వాడేవారు వైఫై రకం గానీ, ఐఫోన్‌కు పనిచేస్తుందని స్పష్టంగా రాసి ఉన్నది గానీ తీసుకోవాలి. చవక రకాల్లో అంకెలు ఆలస్యంగా మారతాయి, నా దానిలోనూ ఈ లోపం ఉంది. ఇక ఆ సాకెట్‌కు తాళం తీసేసినా కరెంటు అందుతూనే ఉంటుంది కనుక, కారును రోజుల తరబడి నిలిపి ఉంచేవారు పరికరాన్ని తీసి పక్కన పెట్టకపోతే బ్యాటరీ దిగిపోతుంది.