పాత జూ గైడ్ పుస్తకాల వేటలో రాజమండ్రి నుంచి నరసాపురం దాకా

పాత జూ గైడ్ పుస్తకాలు సేకరించేవాళ్లు హైదరాబాద్, చెన్నై ఫుట్‌పాత్‌లు గాలించి ఊరుకుంటారు. నన్నడిగితే గోదావరి జిల్లాలు వదలకూడదు. చదువుకో, వైద్యానికో మద్రాసు వెళ్లొచ్చిన కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. పిల్లలకు జూ చూపించి, అక్కడ కొన్న పుస్తకాన్ని అటకెక్కించేశారు. పాత ఇల్లు విప్పినప్పుడు అవన్నీ తూకానికి వచ్చేస్తాయి.

మకాం రాజమండ్రిలో పెట్టుకోవడం మంచిది. లాడ్జీలకు కొదవ లేదు, కోనసీమకు బస్సులు బోలెడు. గది తీసుకునే ముందు గోడకు చెమ్మ ఉందేమో చూసుకోండి. అమలాపురంలో దిగిన ఒక లాడ్జిలో తెల్లారేసరికి కాగితాలు మెత్తబడిపోయాయి, గది మార్చమంటే వినిపించుకోలేదు. రాజమండ్రిలో గౌతమీ గ్రంథాలయం చూసి తీరాలి, కాకపోతే అది చదువుకునే చోటు, కొనుక్కునే చోటు కాదు. రాజమండ్రి పాత పుస్తకాల షాపుల్లో ఎక్కువగా పోటీ పరీక్షల గైడ్లే దొరికాయి.

అసలు సరుకు అమలాపురం, నరసాపురం చిత్తుకాగితాల కొట్లలో ఉంది. "ఆయ్, ఆ బస్తా ఇంకా విప్పలేదండి, కూర్చోండి" అని టీ తెప్పించి మరీ చూపించారొకాయన. అందులోనే దొరికింది హైదరాబాద్ నెహ్రూ జూ గైడ్. ముందు అట్ట లేదు, సంవత్సరం ఎక్కడా వేయలేదు. వెనక అట్ట మీద వెల 50 పైసలు. జూ తెరిచింది 1963 అక్టోబరులో. 'నయా పైసలు' అనడంలో 'నయా' అన్న మాట తీసేసింది 1964 జూన్‌లో. కాబట్టి అంతకు ముందుది కాకపోవచ్చు. చిరునామాలో పిన్‌కోడ్ లేదు, అది వచ్చింది 1972 ఆగస్టులో. లోపలి పేజీలో ఎవరో పిల్లవాడు పెన్సిల్‌తో '1969 వేసవి సెలవులు' అని రాసుకున్నాడు. అది కొన్న ఏడాదే అనుకున్నా, అచ్చు అంతకంటే తర్వాతది కాదు. మొత్తమ్మీద 1964–69 మధ్యది.

మద్రాసు జూ పుస్తకాలు ఇంకా తేలిక. అణాల్లో వెల ఉంటే చాలావరకు 1957కు ముందువి. అప్పట్లో జూ ఉన్న పీపుల్స్ పార్క్ పేరు ఉంటే, 1985లో జూ వండలూరుకు మారకముందువి. వెల మీద చీటీ అంటించి ఉంటే మాత్రం పీకకండి. వెలుతురుకు పట్టి చూస్తే కింద పాత ధర కనిపిస్తుంది.

సఖినేటిపల్లి రేవులో పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) ఎక్కి నరసాపురం వెళ్లేటప్పుడు పుస్తకాలను ప్లాస్టిక్ కవర్లో చుట్టుకోండి. వానాకాలం వద్దు, సంక్రాంతి దాటాక వెళ్లండి.