క్లానాడ్ ముందా, స్టైన్స్ గేట్ ముందా?

జపాన్ విజువల్ నవలలు, అంటే తెర మీద బొమ్మలతో చదువుతూ మన ఎంపికలతో కథ నడిపే ఆటలు, కొత్తగా మొదలుపెట్టేవారికి నేను ఈ రెండింటినే చూపిస్తాను.

2004లో వచ్చిన ‘క్లానాడ్’ నాయకుడు తొమోయా. తల్లి లేదు. తండ్రితో గొడవలో భుజం దెబ్బతిని బాస్కెట్‌బాల్‌కు దూరమయ్యాడు. ఉన్న ఊరంటేనే విసుగు. బడికి వెళ్లే ఎత్తుదారి మొదట్లో అతనికి నాగిసా ఎదురవుతుంది. అనారోగ్యం వల్ల మళ్లీ అదే తరగతి చదువుతున్న ఆ అమ్మాయికి, మూతపడిన నాటక బృందాన్ని తిరిగి నిలబెట్టాలని కోరిక. మిగతా పాత్రల కథలు కూడా పూర్తిచేస్తేనే వీరి పెళ్లి, సంసారం చెప్పే రెండో భాగం తెరుచుకుంటుంది. అందుకే నిడివి చాలా ఎక్కువ. అయినా తొమోయా తన తండ్రిని అర్థం చేసుకునే ఘట్టం కోసం ఆ గంటలన్నీ ఇవ్వవచ్చు.

2009 నాటి ‘స్టైన్స్ గేట్’ది వేరే దారి. టోక్యోలోని అకిహబరా ప్రాంతంలో కథానాయకుడు ఒకాబే, అతని మిత్రులు మైక్రోవేవ్ పొయ్యితో గతంలోకి సందేశాలు పంపుతారు. చిన్ననాటి నేస్తం మయూరి ప్రాణం, యువ శాస్త్రవేత్త కురిసు ప్రాణం అతని నిర్ణయాల మీద వేలాడతాయి. ఫోను సందేశాలకు మీరిచ్చే జవాబులు కథను మలుస్తాయి. ఆరంభం నెమ్మది, తర్వాత ఉత్కంఠ వదలదు.

తీరిక తక్కువైతే ఒకాబే కథతో మొదలుపెట్టండి. నా మనసు మాత్రం నాగిసా వైపే.