బడి భోజనం: ఊరి ఏజెన్సీ వండితే మేలా, ట్రస్టు వ్యాన్‌లో వస్తే మేలా?

"ఏజెన్సీ వాళ్లు నీళ్ల చారు పోస్తున్నారు, తీసేసి ఏదైనా ట్రస్టుకి ఇచ్చేయండి" అనే మాట చాలా ఊళ్లలో వినిపిస్తుంటుంది. ఏజెన్సీ అంటే బడిలోనే మధ్యాహ్న భోజనం వండే ఊరి పొదుపు సంఘం ఆడవాళ్లు, ట్రస్టు అంటే ఒకే పెద్ద వంటశాలలో వండి వ్యాన్‌లో బడులకి పంపే సంస్థ. ట్రస్టు అనగానే దానధర్మం అనుకుంటాం గానీ, అక్కడా పెద్ద వాటా సర్కారు డబ్బే. బియ్యం ప్రభుత్వమే ఇస్తుంది, వంట ఖర్చు కింద 2025 మే నుంచి ప్రైమరీ పిల్లాడికి పూటకు 6.78, అప్పర్ ప్రైమరీకి 10.17 రూపాయలు ఇస్తుంది, పప్పు, కూరగాయలు, నూనె, గ్యాస్ అన్నీ అందులోనే. ట్రస్టుకైతే దాని మీద దాతల డబ్బు కలుస్తుంది, ఏజెన్సీ ఆడవాళ్లకి కలిసేది ఏమీ లేదు.

అసలు తేడా నాకు ఇక్కడే కనిపిస్తుంది. బిల్లు నెలల తరబడి రాకపోయినా ట్రస్టు వంటశాల ఆగదు, దాని దగ్గర నిల్వ డబ్బు ఉంటుంది. ఏజెన్సీ మహిళ మాత్రం కిరాణా కొట్టులో ఉద్దెర పెట్టి, గుడ్ల ధర పెరిగితే తన జేబులోంచి వేసి, అదీ కుదరనప్పుడు పప్పు పలచన చేస్తుంది. గౌరవ వేతనం సంగతి ఇంకా ఘోరం, 2009లో కేంద్రం పెట్టిన లెక్క నెలకు 1000 రూపాయలు, అదీ ఏడాదికి 10 నెలలే. మన రెండు రాష్ట్రాలూ దాన్ని 3000 చేశాయి, అదైనా సమయానికి పడితే కదా! ఇంత జరిగాక రెండు పళ్లేలూ పక్కపక్కన పెట్టి "ట్రస్టు అన్నమే రుచి" అని తేల్చడం ఏం న్యాయం?

అలాగని ట్రస్టుని కొట్టిపారేయలేం. 2000లో బెంగళూరులో 5 బడుల్లో 1500 మంది పిల్లలతో మొదలైన అక్షయపాత్ర అనే ట్రస్టు ఇవాళ ఎన్ని రాష్ట్రాల్లో వండుతోందో చూస్తున్నాం. హైదరాబాద్ బస్తీల్లో రెండు గదుల బడికి వంటషెడ్డు ఎక్కడ కడతారు? అలాంటి చోట ఆవిరి మీద ఉడికి, మూత పెట్టిన స్టీలు డబ్బాల్లో వచ్చే అన్నమే దిక్కు. మధ్యాహ్న భోజన పథకం నిబంధనలు కూడా కేంద్రీకృత వంటశాలని ప్రధానంగా స్థలం లేని పట్టణాలకే అనుకున్నాయి. గుడ్డు మాత్రం అక్షయపాత్ర వాళ్లు వండరు, ప్రభుత్వమే వేరే దారి చూసుకోవాలి. ఉల్లి, వెల్లుల్లి వేయకపోవడం మీద కర్ణాటకలో పెద్ద గొడవే అయింది.

ఇక నిఘా. బడి ఆవరణలో వండితే హెచ్ఎం రుచి చూడొచ్చు, తల్లి వచ్చి గిన్నెలోకి తొంగిచూడొచ్చు. ఎక్కడో ఊరవతల తెల్లవారుజామున వండినదాన్ని ఎవరు చూస్తారు? నన్ను ఎక్కువ భయపెట్టేది ఇంకోటి: తప్పు చేసిన ఏజెన్సీని తీసేసి వారంలో ఇంకో పొదుపు సంఘానికి ఇవ్వొచ్చు, కానీ వందల బడులకి వండే ట్రస్టుని తీసేస్తే రేపు మధ్యాహ్నం ఆ పిల్లలంతా ఏం తింటారు? అందుకే ఏ అధికారీ దాన్ని గట్టిగా అడగలేడు. పైగా ఒక గిన్నె పాడైతే ఒక బడి, పెద్ద వంటశాలలో పాడైతే వందల బడులు.

దగ్గర్లో వండితే చాలు అంతా భద్రం అనుకోవడం కూడా పొరపాటే. 2013 జూలైలో బీహార్‌లోని గండామన్‌లో బడిలో వండిన భోజనంలోనే పురుగుమందు కలిసి 23 మంది పిల్లలు చనిపోయారు. వండే మనిషి అనుమానం చెబితే వినే హెచ్ఎం ఉండాలి, వడ్డించే ముందు పెద్దవాళ్లు తిని చూడాలి.

ఇంకో సంగతి. వంటవాళ్ల నియామకంలో దళితులకి, ఎస్సీ, ఎస్టీలకి ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్‌లో చెప్పింది. దళిత మహిళ వండిన అన్నం అన్ని కులాల పిల్లలూ ఒకే వరసలో కూర్చుని తినడం చిన్న విషయం కాదు, వ్యాన్ వచ్చిన రోజు అది పోతుంది.

నా ఓటు పల్లెల్లో ఏజెన్సీకే, జాగా లేని నగరపు బడుల్లో ట్రస్టుకి. మీ ఊళ్లో మార్చమని అర్జీ పెట్టాలనుకుంటే ముందు హెచ్ఎంని ఒక్కటే అడగండి, ఏజెన్సీకి ఎన్ని నెలల బిల్లులు బాకీ ఉన్నాయని. ఆ బాకీ తీరి రెండు నెలలైనా చారు అలాగే ఉంటే అప్పుడు అర్జీ పెట్టండి, నేనూ సంతకం పెడతాను.